వానకాలంలో ఎండుగడ్డి

పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతానికి చేరువలో, అమీన్‌పూర్‌కు సమీపాన పటేల్‌గూడ ఉంది. పల్లెలో గడ్డి అంటే పెరటిలోని వాము. బహుళ అంతస్తుల భవనంలో కుందేలును పెంచుకొనేవారికి గడ్డి అంటే అంగడి నుండి తెచ్చుకొన్న సంచి. జూన్‌లో నైరుతి రుతుపవనాలు ప్రవేశించిన నాటి నుండి ఆ సంచిని కాపాడుకోవడం చిన్న పని కాదు.

కుందేలును తెలంగాణ పల్లెల్లో చెవులపిల్లి అంటారు. సంస్కృతంలో అది శశము. చంద్రునికి శశాంకుడనే పేరు దాని వల్లనే వచ్చింది. అయితే మన కవులు ఎరిగిన కుందేలు వేరు, నేడు ఇళ్ళలో పెరుగుతున్న కుందేలు వేరు. మొదటిది దక్కను పొదలలో తిరిగే అడవి జీవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దానిని పట్టి పెంచరాదు. రెండవది నైరుతి ఐరోపాలోని పొడినేలలలో బొరియలు త్రవ్వుకొని బ్రతికిన జాతి సంతానం. ఆ జీవికి శ్రావణమాసపు తేమ కొత్త.

దాని ఆహారంలో అధికభాగం గడ్డియే. దంతాలు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కనుక పీచును నమిలి అరగదీసుకోవాలి. అంధనాళంలోని సూక్ష్మజీవులు ఆ పీచును పులియబెట్టి పోషకాలుగా మారుస్తాయి. ప్రేగుల కదలిక ఆగితే ప్రాణాపాయమే. పైగా కుందేలుకు వాంతి చేసుకొనే శక్తి లేదు. లోపలికి పోయిన విషపదార్థం నోటి గుండా తిరిగి రాదు. కాబట్టి బూజు పట్టిన గడ్డి దానికి చెడిపోయిన భోజనం మాత్రమే కాదు, తప్పించుకోలేని భోజనం.

ఎండిన గడ్డి మళ్ళీ ఎందుకు తడుస్తుంది? వానచినుకు పడకపోయినా గడ్డి గాలిలోని తేమను పీల్చుకొంటుంది. గాలి పొడిగా ఉంటే వదులుతుంది, తేమగా ఉంటే గ్రహిస్తుంది. రెండింటికీ సమతౌల్యం కుదిరే దాకా ఇది సాగుతుంది. నిల్వ ఉంచే గడ్డిలో తేమ సుమారు 15 శాతానికి మించరాదు. గాలిలోని సాపేక్ష ఆర్ద్రత 70 శాతం దాటి కొన్నాళ్ళు నిలిచిందంటే బూజుకు అనుకూలమైన పరిస్థితి ఏర్పడినట్లే. ఆగస్టు ఉదయాలలో ఈ ప్రాంతపు గాలిలో ఆర్ద్రత 80 శాతాన్ని దాటడం సామాన్యం.

మరి ఆరుబయట వానలో తడిసే గడ్డివాము ఏడాదిపాటు ఎట్లా నిలుస్తుంది? అందులో గొప్ప నేర్పు ఉంది. రాళ్ళో దుంగలో పరచి, నేల చెమ్మ తగలకుండా ఎత్తున వేస్తారు. పరకల కొసలు వెలుపలికి వాలేటట్లు పేర్చి, పైభాగాన్ని గోపురంలా దించుతారు. నీరు జారిపోతుంది, పైపొర నల్లబడి లోపలి గడ్డిని కాపాడుతుంది. ఒక పొరను బలి ఇచ్చి మిగిలినదంతా దక్కించుకొనే ఉపాయమిది. పచ్చిగా ఉండగానే వాము వేస్తే మాత్రం సూక్ష్మజీవుల శ్వాసక్రియ వల్ల లోపల వేడి పుడుతుంది. ఆ వేడి హెచ్చి, రసాయన చర్యలు తోడై, నిప్పు తగలకుండానే వాము అంటుకొన్న సందర్భాలున్నాయి. రెండు కిలోల సంచికి బలి ఇవ్వదగిన పైపొర లేదు. అందుకే ఇంటి లోపలి గడ్డి బయటి వాము కంటె సులభంగా చెడుతుంది.

గాలి ఆడే నూలుసంచిలో ఉంచాలని కొందరు, గాలి చొరని డబ్బాలో బిగించాలని కొందరు చెబుతారు. రెండూ నిజమే, కాని ఒకే ఋతువులో కాదు. ఏప్రిల్ గాలికి నూలుసంచి మేలు. వానకాలంలో ఆ సంచి బయటి తేమకు తెరచిన తలుపు. అప్పుడు బిగుతైన మూత గల డ్రమ్మే శరణ్యం; అయితే లోపల పెట్టే గడ్డి పూర్తిగా ఎండినదై ఉండాలి. సగం ఎండిన గడ్డిని ప్లాస్టిక్‌లో మూయడం బూజుకు ఇల్లు కట్టి ఇవ్వడమే. గాలిలో ఆర్ద్రత తెల్లవారుజామున అత్యధికంగా, మధ్యాహ్నం అత్యల్పంగా ఉంటుంది. తెరపి ఇచ్చిన రోజున మధ్యాహ్నపు వేళ నీడపట్టున గడ్డిని పలుచగా పరచి, ఎండిన తరువాత డ్రమ్ములో నింపాలి. తీవ్రమైన ఎండలో ఉంచితే కెరోటిన్ నశించి గడ్డి వెలిసిపోతుంది. వేడి మీద మూత పెడితే చల్లారేటప్పుడు డ్రమ్ము గోడలకు చెమ్మ పడుతుంది. డ్రమ్మును గోడకు జానెడు ఎడంగా పీటపై ఉంచాలి. కొద్ది వారాలకు సరిపడా మాత్రమే కొనడం అన్నింటికంటె తేలిక ఉపాయం.

పటేల్‌గూడకు అంత దూరంలో లేని పటాన్‌చెరులో ఇదే సూత్రం మహోన్నత స్థాయిలో అమలవుతోంది. 1972లో స్థాపితమైన ఇక్రిశాట్ జన్యునిధిలో జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ విత్తనాలను ముందుగా ఆరబెట్టి, ఆ తరువాతనే గాలి చొరకుండా మూసి, దీర్ఘకాలిక నిల్వకు సున్నాకు దిగువన 20 డిగ్రీల చలిలో భద్రపరుస్తారు. ముందు ఆరబెట్టడం, తరువాత మూయడం: క్రమం తప్పరాదు.

మంచి గడ్డి పిడికిట నలిపితే గలగలమంటుంది, తీయని వాసన వేస్తుంది. చెడినది మెత్తగా వంగుతుంది, ముక్కవాసన వేస్తుంది, దులిపితే తెల్లని ధూళి రేగుతుంది. ఆ ధూళి శిలీంధ్రబీజాలతో నిండినది. ఉబ్బసం గలవారికి అది హానికరం. బూజు గడ్డిని తిరిగి ఎండబెడితే వాసన తగ్గవచ్చు, విషం పోదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు వేరుశనగ పిండితో చేసిన దాణా తిని మరణించగా, ఆ పరిశోధన నుండే అఫ్లాటాక్సిన్ అనే శిలీంధ్రవిషం వెలుగులోకి వచ్చింది.

పారవేయవలసిన గడ్డిని వీధిలో తిరిగే ఆవులకో గేదెలకో వేయడం మనవారికి అలవాటు. బూజు పట్టిన వరిగడ్డి తిన్న గేదెలకు చెవులు, తోక, గిట్టలు కుళ్ళే దెగ్నాలా అనే వ్యాధి వస్తుంది. అవిభక్త పంజాబులోని ఒక వాగు పేరు మీదుగా దానికి ఆ పేరు ఏర్పడింది. చెడిన గడ్డిని తడిపి ఎరువుగుంటలో వేయాలి.