కెమెరాలో అద్దముండవలెనా?

ఛాయాచిత్రకళను జీవనోపాధికి గాక వేడుకకై అభ్యసించువారు నేడు పల్లెలలోను కనబడుచున్నారు. కెమెరా కొనబోవునప్పుడు వారికెదురగు మొదటి ప్రశ్న ఇది: డి.ఎస్.ఎల్.ఆర్. మేలా, మిర్రర్‌లెస్ మేలా? కడప జిల్లాలోని తుమ్మలపల్లె వంటి ఊరిలో చీనీతోట రాబడిలోనో, నెలజీతములోనో మిగిల్చిన సొమ్ముతో కొను వస్తువిది. ఏటేట మార్చునది కాదు. కనుక దుకాణదారుని మాట వినుటకు ముందు ఆ రెండింటి నిర్మాణభేదము నెరుగుట మంచిది.

డి.ఎస్.ఎల్.ఆర్. లోపల, లెన్సుకు వెనుక, ఏటవాలుగా ఒక అద్దముండును. లెన్సు గుండ వచ్చిన కాంతిని అది పైకి మరల్చి మన కంటికి చేర్చును. మీట నొక్కినప్పుడు అద్దము పైకి లేచును. అప్పుడే కాంతి సెన్సారుపై పడును. మిర్రర్‌లెస్‌లో ఈ అద్దము లేదు. సెన్సారు గ్రహించిన దృశ్యమునే చిన్న తెరపై మనము చూతుము. తక్కిన గుణదోషములు చాలవరకు ఈ ఒక్క భేదమునుండియే పుట్టినవి.

గండికోటలో మిట్టమధ్యాహ్నము ఎఱ్ఱని బండలు ఎండకు మెరయుచుండ, వాని చీలికలలో నీడలు చిక్కగా నుండును. బండలు తెల్లబారునో, నీడలు నల్లబారునో మిర్రర్‌లెస్ తెర ముందుగనే తెలుపును. అద్దము గుండ చూచువానికి చిత్రము తీసిన పిదపనే తెలియును. బెలుం గుహల చీకటిలోను ఆ తెర దృశ్యమును వెలిగించి చూపును. భజన జరుగుచుండగా చప్పుడు లేకుండ చిత్రము తీయవచ్చును. కాని ఆ నిశ్శబ్ద పద్ధతిలో వేగముగా కదలు వస్తువులు కొన్ని కెమెరాలలో వంగినట్లు పడును.

ఇక రెండవ పక్షము. సెన్సారు, తెర ఎడతెగక పనిచేయుటచే మిర్రర్‌లెస్ బ్యాటరీ త్వరగా ఖర్చగును. 2018లో వచ్చిన నికాన్ డి3500 ఒక బ్యాటరీపై 1,550 చిత్రములు తీయునని తయారీదారుల లెక్క; 2019 నాటి మిర్రర్‌లెస్ జెడ్50కి సుమారు 300 మాత్రమే. దినమంతయు తిరుగువారు అదనపు బ్యాటరీ ఖర్చును కూడ ధరలో చేర్చుకొనవలెను. లెన్సు మార్చునప్పుడు మిర్రర్‌లెస్ సెన్సారు సాధారణముగా బయలుపడి యుండును. మన మెట్టచేల గాలిదుమ్ములో ఇది చిన్న విషయము కాదు. మరుగున నిలిచి, కెమెరా ముఖమును క్రిందికి వంచి మార్చవలెను.

భవిష్యత్తును కూడ తలపవలెను. కెనాన్, నికాన్ సంస్థలు 2018లో మిర్రర్‌లెస్‌కు కొత్త లెన్సు అమరికలను ప్రవేశపెట్టినవి. పిమ్మట వాటి శ్రద్ధ ఆ వైపే మరలినది. పాత లెన్సులను అడాప్టరుతో తగిలింపవచ్చును. అయితే తమలో మోటారులేని పాత నికాన్ లెన్సులు నికాన్ ఎఫ్.టి.జెడ్. అడాప్టరుపై తమంతట ఫోకస్ చేయవు. ఇంట పాత లెన్సులున్నవారు దీనిని ముందే విచారింపవలెను.

కనుక సొమ్ము పరిమితమై, పగటివేళ దృశ్యములే ప్రధానమైనచో, ఒకరు వాడిన మంచి డి.ఎస్.ఎల్.ఆర్. చాలును. కొనుటకు ముందు షట్టరు ఎన్నిమార్లు పనిచేసినదో అడిగి, లెన్సులో బూజున్నదేమో వెలుతురుకు పట్టి చూడవలెను. కొత్తగా ఆరంభించి, క్రమముగా లెన్సులు కూర్చుకొనదలచినవారికి మిర్రర్‌లెస్ తగును. ఏది కొన్నను మొత్తము సొమ్మును కెమెరాకే వెచ్చింపక, కొంత మంచి లెన్సుకు నిలుపుకొనుట వివేకము. కెమెరా పాతబడును, మంచి లెన్సు చాలకాలము తోడుండును.