పాతకారు పునరుద్ధరణ: రంగుకు ముందు చేయవలసినది

ఇంగ్లండులో ఆబింగ్డన్ పట్టణమున 1962 నుండి 1980 వరకు ఐదు లక్షల పైచిలుకు ఎం.జి.బి. కార్లు తయారైనవి. ఆ స్పోర్ట్సు కార్లను తమ చేతులతో బాగుచేసికొని నడుపుకొను అభిమానులు నేటికిని పలువురు కలరు. పాతబండి ఇంటికి రాగానే రంగు వేయవలెనను ఆశ కలుగుట సహజము. కాని రంగు చివరి పని.

ఈ కారునకు వేరుగా చట్రము లేదు. ఉక్కురేకులు అతికిన బాడీయే దానికి చట్రము. పైకప్పులేని బండి యైనచో, దాని బలము చాలవరకు తలుపుల క్రింద పెట్టెలవలె అమర్చిన రెండు దూలములలో నుండును. చక్రములు చిమ్మిన బురదయు, మంచు కరగుటకై అచ్చటి రోడ్లపై చల్లు ఉప్పును చేరి, వానిని త్రుప్పు లోలోపలనే తినివేయును. పైరంగు నిగనిగలాడుచున్నను లోపల డొల్ల కావచ్చును.

చెడిన దూలమును కోయుటకు ముందు బాడీని క్రిందినుండి సమముగా ఆనించి, తలుపుసందులకు అడ్డుకడ్డీలు బిగింపవలెను. ఒకమారు ఒక ప్రక్కనే కోయవలెను. లేనిచో బండి నడుము క్రుంగును. ఆ వంకరతోనే వెల్డింగు చేసినచో తలుపులు సరిగా మూతపడవు. పని ముగిసిన పిదప డొల్లలలో మైనపుద్రవమును చిమ్మి, నీరుపోవు రంధ్రములను ఏటేట శుభ్రము చేయుచుండవలెను.

1988లో పాత అచ్చులతోనే తీసిన క్రొత్త బాడీలు అమ్మకమునకు వచ్చినవి. బాడీ అంతయు శిథిలమైనచో అదియే గతి. ఐనను గట్టిగానున్న ఇనుమును నిలుపుకొని, చెడినంతమేరకే మార్చువాని చేతిలో ఆ బండి ఆ బండిగానే మిగులును.