పాత కంప్యూటర్‌పై కొత్త విండోస్: బూట్ ఎక్కడ ఆగుతోంది?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసినందున, అర్హత లేని పాత కంప్యూటర్‌లో విండోస్ 11ను ఎక్కించదలచినవారు ముందుగా గమనించవలసినది, బూట్ ఏ దశలో ఆగిందన్నదే.

నల్లని తెరపై బూట్ పరికరం దొరకలేదన్న వాక్యం కనిపిస్తే, మదర్‌బోర్డులోని ప్రారంభ ప్రోగ్రామైన ఫర్మ్‌వేర్‌కూ డిస్కు విభజన పద్ధతికీ పొంతన కుదరకపోవడం తరచుగా కారణమవుతుంది కనుక, విండోస్‌ను ఎక్కించే పెన్‌డ్రైవ్‌ను తగిన పద్ధతిలో మళ్లీ తయారుచేసుకోవాలి. ఆ దశ దాటాక, భద్రతా చిప్ అయిన టీపీఎం 2.0 లేదంటూ విండోస్ 11 ఇన్‌స్టాలర్ చెప్పే అభ్యంతరాన్ని విండోస్ సెట్టింగుల పట్టికైన రిజిస్ట్రీలో మార్పుతో దాటవచ్చు.

విండోస్ గుర్తు కనబడగానే యంత్రం మళ్లీ మళ్లీ మొదటికి వస్తుంటే మాత్రం సంగతి వేరు. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 కూర్పు కెర్నల్, అంటే వ్యవస్థ మూలభాగం, సంఖ్య ద్విసంఖ్యా రూపంలోని ఒకట్లను లెక్కించే పాప్‌కౌంట్ ఆదేశాన్ని ప్రాసెసర్ నుంచి ఆశిస్తుంది. కోర్ 2 డుయో తరపు పాత ప్రాసెసర్లలో ఆ ఆదేశమే లేదు గనుక ఏ సెట్టింగూ దానిని తెచ్చిపెట్టలేదు. అయినా ఆ యంత్రాన్ని పారవేయడం అన్యాయం, తేలికపాటి లినక్స్ దానిపై ఇప్పటికీ నడుస్తుంది.