చాప మారితే పాఠం పట్టుబడుతుంది

సీడ్ పత్తి క్రాసింగ్ మొదలైతే గద్వాల చుట్టుపక్కల బడుల్లో కొన్ని బెంచీలు ఖాళీ అవుతాయి. పిల్లలు తిరిగొచ్చేసరికి పాఠాలు చాలా దూరం వెళ్లిపోయి ఉంటాయి. అలా వెనకబడిన హైస్కూలు పిల్లలు సాయంత్రం చర్చి హాలుకు ట్యూషన్‌కు వస్తే, అక్కడా బోర్డు ముందు కూర్చోబెట్టి అదే పాఠం అప్పజెబితే ఏం లాభం?

లెర్నింగ్ స్టేషన్ల పద్ధతిని మన సంఘాలు ప్రయత్నించాలని మేము కోరుతున్నాము. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. హాల్లో నాలుగు చోట్ల చాపలు వేసి, ఒక్కోచోట ఒక్కో పని పెట్టాలి. ఐదారుగురు జట్టుగా చేరి, పదిహేను నిమిషాలకొకసారి గంట కొట్టగానే పక్క చాపకు మారతారు. పాఠం మాత్రం అన్నిచోట్లా ఒక్కటే.

పరాగసంపర్కమే తీసుకోండి. మొదటి చాప మీద పత్తి పువ్వు విప్పి కేసరాలు, అండాశయం వేరుచేస్తారు. రెండోచోట బొమ్మ గీసి పేర్లు రాస్తారు. మూడోచోట పాత ప్రశ్నపత్రం. నాలుగోచోట పెద్దవారొకరు కూర్చుని, అర్థంకానిది విడమరచి చెబుతారు. సాయంత్రం మొగ్గలో కేసరాలు తీసేసి, మర్నాడు పొద్దున మగపువ్వు పుప్పొడి అద్దిన అమ్మాయికి మొదటి చాప దగ్గర ఎవరూ నేర్పనక్కర్లేదు. తరగతిలో నోరు మెదపని ఆ పిల్లే మిగతావారికి చూపిస్తుంది. (పిల్లలతో ఆ పని చేయించడం తప్పు. సీడ్ పత్తి వేసేవారు మన సంఘంలో ఉంటే ముందు వారికే చెప్పాలి.)

వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు వేరుశనగ మొక్క ఒకటి పీకి తెస్తే చాలు. వేళ్ల బుడిపెల్లో నత్రజని పాఠం మొదలవుతుంది.

శనివారం రెండు చాపలతో మొదలుపెట్టండి. గంట కొట్టే పని ఎక్కువ అల్లరి చేసేవాడికి ఇవ్వండి.