వీడియో కూర్పునకు స్వల్పవ్యయపు ఇంటి కంప్యూటరు

మన పాఠశాల వార్షికోత్సవమున పిల్లలు ప్రదర్శించు నాటికలను, బుఱ్ఱకథలను నేడు తల్లిదండ్రులు తమ ఫోనులలో చిత్రించుకొనుచున్నారు. అట్లు చిత్రించిన దానిని కత్తిరించి, క్రమముగా కూర్చి, ధ్వనిని సరిచేసి నలుగురికి చూపవలెనని పై తరగతుల విద్యార్థులకు ఉత్సాహము మెండు. కాని, అందులకు లక్ష రూపాయల యంత్రము కావలెనన్న అపోహ వారిని వెనుకకు లాగుచున్నది. మేము మా ఇంట ఒక కంప్యూటరును విడిభాగములతో కూర్చుకొని, కొంత నష్టపడి, కొంత నేర్చుకొంటిమి. ఆ సంగతులనే ఇచ్చట విన్నవించుచున్నాము.

మొదట వీడియో ఎందుకింత బరువో తెలిసికొనవలెను. అడ్డముగా 1920, నిలువుగా 1080 బిందువులు గల ఒక్క చిత్రమునకు, బిందువునకు 3 బైట్ల చొప్పున, 62,20,800 బైట్లు పట్టును. సెకనుకు 30 చిత్రముల వంతున లెక్కించినచో ఒక్క నిమిషపు దృశ్యము 11 గిగాబైట్లు దాటును. ఫోను అంత దాచజాలదు. అందుచేత అది ఒక చిత్రమును పూర్తిగా వ్రాసికొని, తరువాతి చిత్రములలో మారిన భాగములను మాత్రమే గుర్తు పెట్టుకొనును. హెచ్.264 మొదలగు పద్ధతుల రహస్యమిదియే. ఇంటి పద్దుల పుస్తకములో నెల మొదట నిలువను వ్రాసి, పిమ్మట ఏనాటి రాకపోకలను ఆనాడు వ్రాసినట్లన్నమాట. 17వ తేదీన చేతిలో ఎంత ఉన్నదని ఎవరైన అడిగినచో ఒకటవ తేదీ నుండి కూడుకొని రావలెను గదా! సినిమా చూచునప్పుడు కంప్యూటరు వరుసగా లెక్క సాగించును గనుక శ్రమ లేదు. కూర్పు చేయువాడు ముందుకు వెనుకకు దూకుచుండును. దూకినప్పుడెల్ల లెక్క మరల మొదటికి వచ్చును. సినిమా చూచుటకు చాలిన యంత్రము కూర్పునకు చాలకపోవుటకు కారణమిది.

ఈ లెక్కను విప్పుటకు ప్రాసెసరులోని గ్రాఫిక్సు భాగమున ప్రత్యేకమైన అంగము ఒకటి ఉండును. ఇంటెల్ వారు 2011 నుండి దీనిని క్విక్ సింక్ అను పేర ఇచ్చుచున్నారు. ఎ.ఎం.డి. వారి గ్రాఫిక్సు గల ప్రాసెసర్లలోను ఇట్టిది కలదు. ఐ5-12400 గాని, రైజెన్ 5 5600జి గాని మన అవసరమునకు చాలును. రెండింటిలోను 6 కోర్లు కలవు. ఇక్కడ ఒక్క అక్షరము విషయమున జాగ్రత్త వహింపవలెను. ఐ5-12400ఎఫ్ అనునది కొంత చవుకగా దొరకును గాని దానిలో గ్రాఫిక్సు లేదు. కావున క్విక్ సింక్ కూడ లేదు.

మేము చేసిన తప్పు వేరొకటి. అంగడివాని మాట విని, రంగురంగుల దీపములు వెలుగు పెట్టెను, ఆటలకు ఉపయోగించు గ్రాఫిక్సు కార్డును కొంటిమి. సొమ్మంతయు అటు పోగా 8 గిగాబైట్ల మెమొరీ ఒక్కటి, హార్డుడిస్కు ఒక్కటి మాత్రమే మిగిలిన దానితో వచ్చినవి. ఇరువది నిమిషముల నాటికను కూర్చబోగా యంత్రము అడుగడుగునకు నిలిచిపోయెను. అది పెద్ద కష్టము కాదు. ఆరు నెలలకు ఆ డిస్కు చెడిపోయినది. మా నాయనమ్మగారు పాడిన పెండ్లిపాటలు దానిలో మూడు గంటల పాటు ఉండెను. ఫోనులో చోటు చాలక అసలు దృశ్యములను అంతకు ముందే చెరిపివేసితిమి. ఆమె ఇప్పుడు లేరు.

కనుక సొమ్మును మొదట మెమొరీకి, నిలువకు కేటాయింపవలెనని మా అభిప్రాయము. మెమొరీ 16 గిగాబైట్లు ఉండవలెను. అదియు 8 వంతున రెండు. ప్రాసెసరులోని గ్రాఫిక్సు ఈ మెమొరీనే పంచుకొనును గనుక రెండు దారులున్నచో వేగము పెరుగును. 2025 చివరి నెలలలో మెమొరీ ధరలు బాగుగా పెరిగినవి. నాలుగు అరలు గల మదర్‌బోర్డు తీసికొన్నచో తరువాత చేర్చుకొనుటకు వీలుండును. నిలువ విషయమున అతివేగపు ఎస్.ఎస్.డి. కొరకు ఆరాటపడనక్కరలేదు. సెకనుకు 17 మెగాబిట్ల వంతున చిత్రించిన దృశ్యము గంటకు ఏడున్నర గిగాబైట్లు మాత్రమే. సామాన్యపు డిస్కు కూడ దానిని సులువుగా అందించును. 500 గిగాబైట్ల ఎస్.ఎస్.డి.లో నడుచుచున్న పనిని ఉంచి, ముగిసిన దానిని హార్డుడిస్కునకు చేర్చి, మరియొక ప్రతిని విడిగా తీయగల డిస్కులో, వీలైన వేరొక ఇంట ఉంచవలెను. పవర్ సప్లై మాత్రము పేరున్నది కొనుడు.

విడిభాగములు చెన్నపురిలో రిచీ వీధిన, బెంగుళూరున ఎస్.పి. రోడ్డులో, ముంబయిలో లామింగ్టన్ రోడ్డున దొరకును. కార్యాలయములు విడిచిన పాత కంప్యూటర్లు ఇంకను చవుక. అయితే విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సాధారణ సహాయము ముగిసినది; ఇంటెల్ 8వ తరమునకు పూర్వపు ప్రాసెసర్లను విండోస్ 11 అధికారికముగా అంగీకరింపదు. అట్టి యంత్రములలో లినక్సు పెట్టుకొని, ఉచితముగా లభించు కెడెన్‌లైవ్ గాని షాట్‌కట్ గాని వాడవచ్చును. డావించి రిసాల్వ్ ఉచిత ప్రతి గొప్పదే. కాని అది గ్రాఫిక్సు కార్డు మీద ఎక్కువగా ఆధారపడును, లినక్సులో హెచ్.264 దృశ్యములను విప్పదు.

అన్నింటికంటె పెద్ద పొదుపునకు పైసా ఖర్చు లేదు. దానిని ప్రాక్సీ అందురు. పెద్ద దృశ్యములకు బదులుగా వాని చిన్న నకళ్లను చేయించి, కూర్పంతయు నకళ్ల మీద సాగింపవలెను. కడపట ఫలితమును వ్రాయునప్పుడు కంప్యూటరు తానే అసలు దృశ్యములను తీసికొనును. నకళ్లు తయారగుటకు సమయము పట్టును. మేము భోజనమునకు లేచునప్పుడు ఆ పని అప్పగింతుము. మరియొక చిక్కు: ఫోనులు సెకనుకు ఇన్ని చిత్రములని నిలకడగా తీయవు. అందుచేత దీర్ఘమైన నాటకములో చివరకు పెదవి ఒకటి, మాట ఒకటిగా కనబడవచ్చును. హ్యాండ్‌బ్రేక్ అను ఉచిత సాధనముతో ముందే స్థిరమైన వేగమునకు మార్చుకొన్నచో ఆ బాధ తొలగును.

మా ప్రాసెసరులో గ్రాఫిక్సు ఉండుట అదృష్టము. ఆ కార్డును అమ్మివేసి, వచ్చిన సొమ్ముతో మెమొరీని పెంచి, రెండు డిస్కులు కొంటిమి. గత సంవత్సరపు బుఱ్ఱకథ ఆ యంత్రము మీదనే కూర్చబడినది. కార్డు కొన్న పొరుగింటి చిరంజీవి ఆటలలో మునిగియున్నాడు. వాని తల్లిగారు మాతో సరిగా మాటలాడుట లేదు.