ఇంటిలో డబుల్ రొట్టె

హైదరాబాదు విందులలో డబుల్ కా మీఠాను ఇష్టపడి తినెడి మనము, దానికి మూలమైన రొట్టె ఎట్లు పొంగునో అరుదుగా ఆలోచింతుము. అది బేకరీ భట్టీకే సాధ్యమని తలంతుము. నిజమునకు ఇంటి ఓవెన్ చాలును.

రొట్టెను పొంగించునది ఈస్టు అను సూక్ష్మజీవి. పులియుట సజీవుల చర్యయేనని లూయీ పాశ్చర్ 1857లో వెల్లడించెను. ఈస్టు చక్కెరను ఆహారముగా గొని బొగ్గుపులుసు వాయువును విడుచును. మైదాను తడిపి పిసికినపుడు ఏర్పడు గ్లూటెన్ అను జిగురు ఆ వాయువును బుడగలుగా పట్టియుంచును.

అర కిలో మైదాకు 7 గ్రాముల పొడి ఈస్టు, 10 గ్రాముల ఉప్పు, ఒక చెంచా చక్కెర, సుమారు 300 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీరు కావలెను. మరిగిన నీరు పోసినచో ఈస్టు చచ్చును. 10 నిమిషములు బాగుగా పిసికి, తడిబట్ట కప్పి, పిండి రెట్టింపగు వరకు ఆగవలెను. మన వేసవిలో ముప్పావుగంట చాలవచ్చును. చలికాలమున రెండు గంటలైనను పట్టవచ్చును. కావున గడియారముకన్న పిండినే గమనింపవలెను. తరువాత దానిని అణచి, నూనె రాసిన అచ్చులో నుంచి, మరల పొంగిన పిదప 200 సెంటీగ్రేడు డిగ్రీల వేడిలో అరగంటకు పైగా కాల్చవలెను. అడుగున తట్టినపుడు బోలుగా మ్రోగినచో రొట్టె కాలినట్లే.

పొంగకముందే కాల్చిన రొట్టె ఇటుకవలె బిగిసిపోవును. ఇంటి రొట్టెలు చెడుట ఈస్టు కొరతకన్న మన ఓర్పు కొరతవలననే ఎక్కువ.