మూడో పాదం దగ్గర మౌనం

మా విశ్వవిద్యాలయంలో ఎనిమిది మందిమి కలిసి తెల్లవారుజామున ఒక పాత గదిలో అష్టాంగ యోగం సాధన చేస్తాం. మైసూరు పద్ధతి అని దీనికి పేరు. ముందు ఒకరు నిలబడి చెబుతుంటే అందరూ ఒకేసారి చేసే డ్రిల్లు కాదిది. ఎవరి శ్వాస లెక్కన వారు, ఎవరికి నేర్పినంత మేరకు వారు చేసుకుపోతారు. నేర్పే మనిషి వరుసల మధ్య తిరుగుతూ ఒకరి వీపు మీద, మరొకరి మోకాలి మీద చెయ్యి వేసి సరిదిద్దుతుంటాడు. అమావాస్య, పౌర్ణమి, శనివారం సెలవు. శనివారం సాయంత్రం అదే గదిలో అవే చాపల మీద కూర్చుని పతంజలి యోగసూత్రాలను వ్యాసభాష్యంతో కలిపి చదువుకుంటాం. వారానికి ఒకటో రెండో సూత్రాలు, అంతే.

సాధన ముగిశాక చేతులు జోడించి ఒక మంగళ శ్లోకం చెప్పుకోవడం ఈ సంప్రదాయంలో ఆచారం. తెలుగు ఇళ్లలో పూజ చివర, పెళ్లి పందిట్లో పురోహితుని నోట ఆ శ్లోకం విననివారు అరుదు. ప్రజలకు క్షేమం కలగాలనీ, పాలకులు న్యాయమార్గాన భూమిని ఏలాలనీ మొదటి రెండు పాదాలు కోరుతాయి. గోవులకూ బ్రాహ్మణులకూ నిత్యం శుభం కలగాలని మూడో పాదం అంటుంది. సమస్త లోకాలూ సుఖంగా ఉండాలన్నది నాలుగోది. ఈ చివరి పాదం ఒక్కటే విడిగా బడి ప్రార్థనల్లోకీ, నాయకుల ప్రసంగాల్లోకీ, చొక్కాల మీది అచ్చులోకీ చేరింది. దాని ముందున్న పాదాన్ని గురించి మాట్లాడేవారు తక్కువ.

మా బృందంలో మాదిగ కుటుంబం నుంచి వచ్చిన ఒక పరిశోధక విద్యార్థి ఉన్నాడు. అందరికంటే ముందు వచ్చి గది ఊడ్చేది, అందరికంటే నిలకడగా సాధన చేసేది అతనే. ఒక ఆదివారం ఉదయం సాధన అయ్యాక నా దగ్గరికి వచ్చి, “సార్, రేపటి నుంచి నేను మూడో పాదం అనను. మిగతా మూడూ అంటాను” అన్నాడు. అంతకుముందు రోజు సాయంత్రం మేం చదివినవి సాధనపాదంలోని 30, 31 సూత్రాలు.

ముప్పయ్యో సూత్రం ఐదు యమాలను చెబుతుంది: అహింస, సత్యం, అస్తేయం, బ్రహ్మచర్యం, అపరిగ్రహం. ముప్పై ఒకటో సూత్రం వాటికి షరతు పెడుతుంది. జాతి, దేశం, కాలం, సమయం అనే హద్దులు వాటికి ఉండకూడదు, అప్పుడే అవి మహావ్రతమవుతాయి. భాష్యకారుడు హద్దులున్న అహింసకు ఉదాహరణలిస్తాడు. చేపలు పట్టేవాడు చేపలను మాత్రమే చంపుతానంటే అది జాతి హద్దున్న అహింస. తీర్థక్షేత్రంలో చంపనంటే దేశం హద్దు. చతుర్దశినాడు చంపనంటే కాలం హద్దు. ఇక సమయమంటే ఇక్కడ ఆచారపు కట్టుబాటు. దేవతల కోసం, బ్రాహ్మణుల కోసం తప్ప చంపనని అనడం దానికి ఉదాహరణ. ఇవేవీ మహావ్రతం కాదని భాష్యం తేల్చేస్తుంది.

చేపలు పట్టేవాడినే మొదటి ఉదాహరణగా ఎందుకు ఎంచుకున్నారన్న ప్రశ్న వేయక తప్పదు. శ్రమతో పొట్టపోసుకునే కులం శాస్త్రగ్రంథంలో కనబడేది తరచు ఇలా హింసకు నమూనాగానే. అయితే అదే వాక్యాల వరుసలో బ్రాహ్మణుని పేరిట ఇచ్చే మినహాయింపు కూడా కొట్టివేతకు గురైంది. ఆ గదిలో దాన్ని ముందుగా పట్టుకున్నవాడు మా విద్యార్థి. మహావ్రతానికి బ్రాహ్మణుని పేరిట మినహాయింపు చెల్లదని సాయంత్రం చదివి, తెల్లవారి ఆ ఒక్క వర్ణానికే ప్రత్యేకంగా శుభం కోరడం ఎలా కుదురుతుందన్నది అతని ప్రశ్న.

గదిలో మూడు రకాల జవాబులు వచ్చాయి. అది ధ్వని, అర్థం ఎవరు పట్టించుకుంటారని ఒకరు. బ్రాహ్మణుడంటే పుట్టుకతో కాదు, గుణంతో అని ఇంకొకరు. పరంపరగా వచ్చినదాన్ని మార్చే అధికారం మనకు లేదని మూడోవారు.

మొదటి జవాబుకు యోగసూత్రాలే అడ్డు. ప్రణవాన్ని జపించడమంటే దాని అర్థాన్ని భావన చేయడం కూడా అని సమాధిపాదం 28వ సూత్రం. అర్థం వదిలేసి నోటితో పలకడాన్ని యోగంగా ఒప్పుకోని శాస్త్రాన్ని చదువుతూ, అర్థం అక్కర్లేదని అనలేం. పైగా అర్థాన్ని పట్టించుకున్నవారు లేకపోలేదు. ఈ శ్లోకానికి పాశ్చాత్య యోగశాలల్లో విరివిగా తిరిగే ఒక ఆంగ్లానువాదంలో ఆవు పూర్తిగా మాయమైంది. బ్రాహ్మణుడు ‘ధర్మపరుల’లో కలిసిపోయాడు. పక్కన ‘సకల జనులు’ కొత్తగా వచ్చి చేరారు. అనువదించినవారికి మూలంలో ఏముందో తెలియకపోతే ఇంత జాగ్రత్తగా దాచలేరు.

గుణం వాదనకు 1936లోనే అంబేడ్కర్ బదులిచ్చారు. లాహోరు సభ కోసం రాసి, సభ రద్దయ్యాక సొంతంగా అచ్చు వేసుకున్న ‘కుల నిర్మూలన’లో ఆయన ఆర్యసమాజికులను అడిగింది సూటి ప్రశ్న. యోగ్యతే కొలమానమైతే బ్రాహ్మణ, క్షత్రియ, వైశ్య, శూద్ర అనే పాత పేర్లు ఎందుకు? ఆ పేర్లు పలికినంత కాలం వాటి వెనక ఉన్న పుట్టుక లెక్క కూడా పలుకుతూనే ఉంటుంది. ఈ ప్రశ్నకు ఇప్పటికీ నేను తృప్తికరమైన సమాధానం వినలేదు.

పరంపర వాదన దగ్గర కాస్త ఆగాలి. ఎందుకంటే ఈ పరంపర మనం అనుకునేంత పాతదీ కాదు, అంత ఒంటరిదీ కాదు.

ఈ పద్ధతిని ప్రపంచానికి పరిచయం చేసిన పట్టాభి జోయిస్ 1915లో హాసన్ దగ్గరి కౌశిక గ్రామంలో స్మార్త బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. 1927లో హాసన్‌లో తిరుమలై కృష్ణమాచార్య ఆసన ప్రదర్శన చూసి ఆయనకు శిష్యుడయ్యారు. తరువాత మైసూరు సంస్కృత కళాశాలలో దశాబ్దాల పాటు యోగం బోధించారు. 1948లో సొంత సంస్థ స్థాపించారు. 1962లో కన్నడంలో ‘యోగమాల’ ప్రచురించారు. గురువు కృష్ణమాచార్య శ్రీవైష్ణవుడు. నాల్వడి కృష్ణరాజ ఒడెయరు ప్రాపకంతో 1933లో జగన్మోహన ప్యాలెస్‌లో యోగశాల తెరిచారు. అక్కడి తొలి విద్యార్థుల్లో అధికులు రాజబంధువులైన అరసు కుటుంబాల బాలురు. అదే రాజు హయాంలో, 1918లో, బ్రాహ్మణేతరులకు ప్రభుత్వోద్యోగాల్లో ప్రాతినిధ్యం కోసం మిల్లర్ కమిటీ వేశారు. ఆ విధానంతో విభేదించిన దివాన్ విశ్వేశ్వరయ్య పదవి నుంచి తప్పుకున్నారు. ఒకే సంస్థానంలో ఒకే తరంలో కచేరీ తలుపు మీద కులం ప్రశ్న తట్టింది. యోగశాల తలుపు దాకా అది రాలేదు.

ఈ ఆసనాలు ఎక్కడివి? సంప్రదాయం చెప్పే కథ ప్రకారం వామన ఋషి రాసిన ‘యోగ కురుంట’ అనే గ్రంథం నుంచి. దాని తాళపత్రాలు చీమల పాలయ్యాయంటారు. ఆ గ్రంథం ఇప్పుడు ఎవరి దగ్గరా లేదు. నార్మన్ జోమన్ 1996లో ప్రచురించిన మైసూరు రాజభవన యోగ చరిత్రలో వేరే దారి చూపించారు. మైసూరు ఆసనాల్లో మల్లుల దండాలూ, ప్యాలెస్ వ్యాయామశాలలోని కసరత్తులూ కలిశాయని ఆయన వాదన. ఆ వ్యాయామశాలనే తరువాత కృష్ణమాచార్య యోగశాలకు ఇచ్చారు. ఈ వాదనతో విభేదించేవారు ఉన్నారు. ఏది ఎంత పాలు అన్న లెక్క ఎప్పటికీ తేలకపోవచ్చు. కానీ మైసూరు ప్యాలెస్‌కు మల్లులు కొత్త కాదు. దసరాకు రాజు ఎదుట వజ్రముష్టి పోరాడే జెట్టిలు తరతరాలుగా అక్కడివారే.

జెట్టి అన్న మాట తెలుగువారికి వేరే చోట కూడా తగులుతుంది. ఆసనాల పేరిట ఒళ్లు బిగించి విరుచుకునే యోగం జెట్టిసాము ముందు కూడా దిగదుడుపేనని వేమన ఎద్దేవా చేశాడు. వేమన వేళాకోళమాడింది యోగాన్ని కాదు, యోగమని చెప్పుకునే కసరత్తును. కానీ జోమన్ చెప్పినదాంట్లో సగం నిజమైనా, వేమన పోలిక చరిత్రలో అక్షరాలా నిజమైందనాలి. ఎగతాళికి వాడిన జెట్టిసాము యోగశాలలోకి వచ్చింది. వచ్చాక దానికి ఋషి పేరు తగిలించారు. గురుపరంపర పటంలో వామనుడు ఉన్నాడు, జెట్టి లేడు. మన సమాజంలో శ్రమకూ జ్ఞానానికీ మధ్య లావాదేవీలు చాలామటుకు ఇలాగే జరిగాయి. వైద్యంలో మంగలి, సంగీతంలో దేవదాసి, లోహశాస్త్రంలో కమ్మరి.

హఠయోగ గ్రంథాలు ఈ విషయంలో వాటి వారసుల కంటే ఉదారమైనవి. పదమూడో శతాబ్ది ప్రాంతానిదని పండితులు భావించే ‘దత్తాత్రేయ యోగశాస్త్రం’ బ్రాహ్మణుడు, శ్రమణుడు, బౌద్ధుడు, జైనుడు, కాపాలికుడు, చార్వాకుడు ఎవరైనా సరే, శ్రద్ధగా అభ్యసిస్తే సిద్ధి కలుగుతుందంటుంది. చార్వాకుణ్ణి కూడా లోపలికి రానిచ్చిన తలుపది. అంతకుముందరిదైన ‘అమృతసిద్ధి’ బౌద్ధ వజ్రయాన వాతావరణంలో పుట్టింది. పదిహేనో శతాబ్దిలో స్వాత్మారాముడు ‘హఠయోగప్రదీపిక’ మొదట్లో చెప్పిన సిద్ధుల పేర్లలో అల్లమప్రభువు ఉన్నాడు. కల్యాణంలో బసవని వెంట కులాన్ని ధిక్కరించిన శరణుల అనుభవ మంటపానికి అధ్యక్షుడు, శ్రీశైలం కదళీవనంలో ఐక్యమయ్యాడని వీరశైవులు నమ్మే అల్లముడే ఆయన. అదే గ్రంథం, శ్రమవల్ల పుట్టిన చెమటతోనే ఒళ్లు మర్దించుకోవాలని, దానివల్ల శరీరం దృఢంగా, తేలికగా అవుతుందని చెబుతుంది. చెమటను మైలగా కాక మందుగా చూసిన గ్రంథం ఇది. పొలంలో కారిన చెమటకు ఈ దేశంలో ఏ గౌరవం దక్కిందో విద్యార్థులకు నేను చెప్పనక్కర్లేదు.

కాబట్టి పరంపర ఒకటి కాదు. ఏ పరంపర మనదన్నది ఎంచుకున్నవారి బాధ్యత. పరంపర పేరిట నోరు మూయించడం ఎక్కడికి దారితీస్తుందో ఈ సంప్రదాయమే ఈ మధ్య చూసింది. సరిదిద్దే నెపంతో పట్టాభి జోయిస్ తమను లైంగికంగా వేధించారని ఆయన మరణానంతరం అనేకమంది శిష్యురాళ్లు బయటికి చెప్పారు. ఆయన మనవడు శరత్ జోయిస్ 2019లో తానూ అలాంటి తప్పుడు స్పర్శలను చూశానని ఒప్పుకుని విచారం తెలిపారు. అన్నేళ్లూ చూసినవారు ఊరుకున్నది గురుభక్తి వల్లనే. యమం, నియమం అన్న మొదటి రెండు మెట్లు ఎక్కకుండా మూడో మెట్టయిన ఆసనం మీద నిలబడితే జరిగేది ఇదే.

పైకి చూస్తే నేడు యోగం అందరిదీ. 2014 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి తీర్మానం, మరుసటి ఏడు నుంచి జూన్ 21న ఉత్సవం. 2025లో విశాఖలో ఆ ఉత్సవానికి ముందురోజు ఆంధ్ర విశ్వవిద్యాలయ మైదానంలో 20 వేలకు పైగా గిరిజన విద్యార్థులు సామూహిక సూర్యనమస్కారాలు చేసి రికార్డు నెలకొల్పారు. ఆ పిల్లల క్రమశిక్షణను తక్కువ చేయను. నా సందేహం వేరే. లెక్కకు వేల శరీరాలు కావలసినప్పుడు గిరిజన విద్యార్థులు గుర్తుకొచ్చారు. యోగం నేర్పే గురువులుగా, సూత్రాలకు వ్యాఖ్యానం చెప్పే పండితులుగా వారిని పిలిచే రోజుకు ఏర్పాట్లేమిటి? మైసూరులో నెల రోజుల శిక్షణ ఖర్చు మా పరిశోధక విద్యార్థి ఉపకార వేతనంతో తూగేది కాదు. నేర్పే అధికారం మాత్రం అక్కడికి ఏటా వెళ్లివచ్చిన వారికే ఎక్కువగా దక్కుతూ వచ్చింది. పుట్టుకతో మూసిన తలుపును రుసుముతో తెరిచినంత మాత్రాన అందరికీ తెరిచినట్టు కాదు.

వచ్చే శనివారం మేం చదవబోయేది సాధనపాదం 40వ సూత్రం. శౌచం వల్ల తన శరీరం మీద జుగుప్స, పరులతో అసంసర్గం కలుగుతాయని దాని భావం. తెలుగులో చెబితే ఇది మడి సూత్రంలా వినబడుతుంది. ‘అంటు’, ‘మైల’ అన్న మాటల వేడి తగిలిన చెవికి మరింతగా. భాష్యం చూశాను. మట్టితో, నీళ్లతో ఎంత కడిగినా తన ఒళ్లే శుభ్రపడదని తెలుసుకున్నవాడు ఇంకా అపరిశుభ్రమైన పరుల శరీరాలతో ఎలా కలుస్తాడని అది అడుగుతుంది. మొదటి సగం మడిని కూల్చివేస్తుంది. స్నానం చేస్తే నేను శుద్ధుణ్ణన్న నమ్మకమే కదా మడికి పునాది. రెండో సగం మళ్లీ దాన్ని నిలబెడుతుంది. ఎదుటివాడి ఒళ్లు మరింత మలినమన్న ఆ మాట సన్యాసి ఏకాంతం కోసం రాసిందే కావచ్చు. ఊరు, వాడ అని విడిపోయిన దేశంలో దాన్ని ఎవరు ఎవరి గురించి చదువుకున్నారన్నది వేరే ప్రశ్న. ఒకరి చెమట మరొకరి చాప మీద పడేంత దగ్గరగా, ఒకరి వీపు మీద మరొకరి చెయ్యి పడే గదిలో కూర్చుని ఈ సూత్రం చదవాలి. ఎలా చదువుతామో నాకు ఇంకా స్పష్టత లేదు.

శ్లోకం విషయం తేలలేదు. దాన్ని తీసేయాలని మా విద్యార్థి అడగలేదు. తాను అననని మాత్రమే చెప్పాడు. తీసేస్తే అక్కడ ఏముండేదో కూడా మరచిపోతారు సార్, ఉండనివ్వండి అన్నాడు. ఇప్పుడు మూడో పాదం వచ్చేసరికి మాలో ముగ్గురం ఊరుకుంటున్నాం, ఐదుగురు అంటున్నారు. మమ్మల్ని సరిదిద్దే మిత్రుడు ఆ ఐదుగురిలో ఒకడు. గత వారం నుంచి అతను గొంతు తగ్గించి అంటున్నాడు. శనివారం భాష్యం చదివే వంతు మా విద్యార్థిది.